ఫ్లోరసెంట్ డైలతో కణాల స్టెయినింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు ల్యాబుల్లో ప్రాజెక్టుకనీ పీహెచ్‌డీకనీ చేరే తెలుగువాళ్లకు కొదవ లేదు. అనంతపురం, కర్నూలు, గుంటూరు నుంచి వచ్చి, ఎమ్మెస్సీలో బొమ్మగా మాత్రమే చూసిన కాన్‌ఫోకల్ (లేజర్‌తో శాంపిల్‌ను స్కాన్ చేసే మైక్రోస్కోప్) ముందు మొదటిసారి కూర్చుంటారు. బుకింగ్ గంటల లెక్కన డబ్బు పడుతుంటుంది, స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, టెన్షన్ మొదలవుతుంది. మా ఇమేజింగ్ గదిలో తెలుగులో ఎక్కువగా వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. చివర్లో ఆసుపత్రి రిపోర్టుల గురించి అడిగేవాళ్ల ప్రశ్నలు కూడా ఉన్నాయి.

ఫ్లోరసెంట్ డై అంటే ఏమిటి? మామూలు స్టెయిన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

హెమటాక్సిలిన్, ఇయోసిన్ లాంటి మామూలు స్టెయిన్లు తెల్లటి కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటాయి. మిగిలిన కాంతే మనకు రంగుగా కనిపిస్తుంది. ఫ్లోరసెంట్ డై అలా కాదు. ఒక రంగు కాంతిని పీల్చుకుని, కొన్ని నానోసెకన్లలోనే మరో రంగు కాంతిని వదులుతుంది. వదిలే కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ, శక్తి తక్కువ. ఈ తేడాను స్టోక్స్ షిఫ్ట్ అంటారు. 1852లో దీన్ని వివరంగా రాసిన జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ పేరు మీదుగా వచ్చింది. ఈ తేడా ఉండబట్టే, మనం పంపిన కాంతిని ఫిల్టర్‌తో ఆపేసి, డై వదిలిన కాంతిని మాత్రమే చూడగలుగుతున్నాం.

ఇంట్లోనే చూడొచ్చు. చిటికెడు పసుపును స్పిరిట్‌లో కలిపి, నోట్లు పరీక్షించే యూవీ టార్చి వేయండి. పసుపులోని కర్క్యుమిన్ పచ్చగా వెలుగుతుంది. అదే టార్చి ఉతికిన తెల్ల చొక్కా మీద వేస్తే నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు బట్టల పొడిలో కలిపే తెల్లదనపు రసాయనాలది. ల్యాబులో వాడే కాల్కోఫ్లోర్ వైట్ కూడా ఆ కుటుంబానిదే. అది సెల్యులోజ్‌కూ కైటిన్‌కూ అతుక్కుంటుంది కాబట్టి, కంటి కార్నియా నుంచి గీరి తీసిన శాంపిల్‌లో ఫంగస్ ఉందో లేదో చూడటానికి కంటి ఆసుపత్రుల్లో వాడతారు.

నా ప్రయోగానికి ఏ డై కొనాలి?

కేటలాగ్ తెరిచే ముందు మీరు వాడబోయే మైక్రోస్కోప్‌లో ఏ లేజర్లు, ఏ ఫిల్టర్లు ఉన్నాయో కనుక్కోండి. మా దగ్గర వృథా అయ్యే డబ్బులో పెద్ద భాగం ఇక్కడే పోతుంది: సీనియర్ వాడాడని ఒక డై తెప్పిస్తారు, తీరా చూస్తే దాన్ని వెలిగించే లేజర్ ఆ మిషన్‌లో ఉండదు. సాధారణంగా కాన్‌ఫోకల్‌లో 405, 488, 561, 640 నానోమీటర్ల లేజర్లు ఉంటాయి. వాటికి వరసగా డాపీ లేదా హెక్స్ట్, అలెక్సా ఫ్లోర్ 488, అలెక్సా ఫ్లోర్ 568, అలెక్సా ఫ్లోర్ 647 సరిపోతాయి. నాలుగు రంగుల ప్రయోగానికి ఈ వరస కళ్లు మూసుకుని వాడొచ్చు.

తర్వాతి ప్రశ్న, కణాలు బతికి ఉన్నాయా, ఫిక్స్ చేసినవా (అంటే రసాయనంతో చంపి, ఉన్నవి ఉన్నట్టే బిగించినవా)? చాలా డైలు రెండింట్లో ఒకదానికే పనికొస్తాయి. ఆ తర్వాత, మీకు కావలసిన ప్రోటీన్ ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా? తక్కువగా ఉన్నదానికి బాగా ప్రకాశించే డై ఇవ్వండి. ఎక్కువగా ఉన్నదానికి ఏది మిగిలితే అది.

ఒక హెచ్చరిక. అలెక్సా 647 వదిలే కాంతి 665 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ మన కంటికి చూపు దాదాపు ఆనదు. ఐపీస్‌లో చూసి "ఏమీ లేదండీ, స్టెయినింగ్ పోయింది" అని స్లైడ్ పారేయబోయినవాళ్లు ఉన్నారు. దాన్ని కెమెరాతోనో డిటెక్టర్‌తోనో చూడాలి.

డాపీ వాడాలా, హెక్స్ట్ వాడాలా?

రెండూ డీఎన్ఏలో ఏ-టీ జంటలు ఎక్కువగా ఉన్నచోట, సన్నటి గాడిలో కూర్చుంటాయి. రెండూ యూవీలో ఉత్తేజం పొంది 460 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలుగుతాయి. ఫిక్స్ చేసిన కణాలకు ఏదైనా ఒకటే. బతికి ఉన్న కణాలకైతే హెక్స్ట్ 33342 తీసుకోండి, అది పొర దాటి లోపలికి సులువుగా వెళుతుంది. డాపీని 1971లో ట్రిపనోసోమా జబ్బులకు మందు వెతికే పనిలో తయారు చేశారు. మందుగా నిలవలేదు కానీ, జీవశాస్త్రం ల్యాబుల్లో ఇది లేని ఫ్రిజ్ అరుదు.

డాపీ స్టాక్‌ను నీళ్లలో కలపండి, పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పునీటి ద్రావణంలో నేరుగా కరగదు. పలచన చేశాక పీబీఎస్ పర్వాలేదు. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము, 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఎక్కువ వేస్తే నీలం పక్క ఛానెల్‌లోకి (అంటే పక్క రంగును పట్టే దారిలోకి) పొంగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: యూవీ కింద ఎక్కువసేపు ఉంచితే డాపీ, హెక్స్ట్ రెండూ కొంత రూపం మారి ఆకుపచ్చ ఛానెల్‌లో కూడా వెలుగుతాయి. "నా ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లింది" అని సంబరపడే ముందు ఆకుపచ్చను మొదట, నీలాన్ని చివర తీశారో లేదో చూసుకోండి.

కేంద్రకాల బయట డాపీ చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. మురికా?

మురికి కావచ్చు. కానీ ముందు మైకోప్లాస్మాను (కణాల కల్చర్లకు అంటుకునే అతి చిన్న బ్యాక్టీరియాను) అనుమానించండి. ఎక్కువ మ్యాగ్నిఫికేషన్‌లో చూడండి: చుక్కలు ఇంచుమించు ఒకే సైజులో, కణం అంచుల వెంట, రెండు కణాల మధ్య సందుల్లో, ఇసుక చల్లినట్టు ఉంటే అది దాదాపు అదే. మురికైతే సైజులు రకరకాలుగా ఉంటాయి, కణాలు లేని ఖాళీ గాజు మీద కూడా ఉంటుంది. పీసీఆర్ పరీక్షతో నిర్ధారించుకుని, ఆ కణాలను పారేయండి. ఇన్‌క్యుబేటర్ పంచుకునే మిగతావాళ్లకు ఆ రోజే చెప్పండి. మొహమాటపడి దాచిపెడితే నెల తిరిగేసరికి అందరి ఫ్లాస్కుల్లోనూ అదే ఉంటుంది.

ప్రొపిడియం అయొడైడ్ ఎందుకు "చచ్చిన కణాల డై" అంటారు?

పొర గట్టిగా ఉన్న కణంలోకి అది వెళ్లలేదు. పొర చిరిగితేనే లోపలికి వెళ్లి కేంద్రకాన్ని ఎర్రగా చేస్తుంది. దానికి జోడీగా కాల్సీన్ ఏఎమ్ వేస్తే, బతికి ఉన్న కణాల్లోని ఎస్టరేజ్ ఎంజైములు దాన్ని కోసి ఆకుపచ్చగా వెలిగిస్తాయి. ప్రొపిడియం ఆర్ఎన్ఏకు కూడా అంటుకుంటుంది కాబట్టి డీఎన్ఏ మాత్రమే కావాలంటే ఆర్ఎన్ఏను కోసే ఆర్ఎన్ఏస్ ఎంజైమ్ వేయాలి.

ఎఫ్ఐటీసీ పాతబడిపోయిందా?

ఎఫ్ఐటీసీ అంటే యాంటీబాడీలకు అంటించే ఆకుపచ్చ డై. పాతదే, కానీ పోలేదు. దాని తల్లి ఫ్లోరసీన్‌ను అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో తయారు చేశాడు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి (ఒక లక్ష్యాన్ని ఎంచి పట్టుకునే ప్రోటీన్‌కు) ఫ్లోరసెంట్ డై అంటించి చూపించింది. ఇవాళ మనం చేసే ఇమ్యునోఫ్లోరసెన్స్ అంతా అక్కడి నుంచి వచ్చిందే. ఎఫ్ఐటీసీతో ఇబ్బందులు రెండు. కాంతి కింద త్వరగా వెలిసిపోతుంది. పీహెచ్ 7 కంటే దిగితే వెలుగు పడిపోతుంది. అలెక్సా 488కి ఈ రెండూ తక్కువ. ఎఫ్ఐటీసీ యాంటీబాడీ ఇప్పటికే మీ దగ్గర ఉంటే నిక్షేపంగా వాడుకోండి, మౌంటింగ్ మీడియం (శాంపిల్ మీద వేసి పైన పలచటి గాజు కప్పే ద్రవం) పీహెచ్ 8 దగ్గర ఉండేట్టు చూసుకుంటే చాలు. కొత్తగా కొంటుంటే మాత్రం అలెక్సా తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

జీఎఫ్‌పీ ఉండగా డైలు ఎందుకు?

జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ను కణమే తయారు చేసుకోవాలి, అంటే జన్యువు ఎక్కించాలి. రోగి నుంచి తీసిన కణజాలంలో అది కుదరదు. ఒసాము షిమోమురా 1962లో జెల్లీఫిష్ నుంచి వేరు చేసిన ఈ ప్రోటీన్‌కు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. జీఎఫ్‌పీ ఉన్న కణాలను మెథనాల్‌తో ఫిక్స్ చేస్తే వెలుగు చాలావరకు పోతుంది. పక్కనే అలెక్సా 488 వాడితే ఏది ఏదో తెలియదు. అక్కడ 568కి గానీ 647కి గానీ వెళ్లండి.

ఫాలాయిడిన్ పనిచేయలేదు. ఎందుకు?

మెథనాల్‌తో ఫిక్స్ చేశారా? పదిలో తొమ్మిది సార్లు జవాబు అవును. కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులను చూపించే ఫాలాయిడిన్, విషపు పుట్టగొడుగు అమనిటా ఫాలాయిడిస్‌లోది. ఆక్టిన్ పోగు అసలు ఆకారంలో ఉంటేనే అది పట్టుకుంటుంది, మెథనాల్ ఆ ఆకారాన్ని పాడుచేస్తుంది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 10 నుంచి 15 నిమిషాలు ఫిక్స్ చేసి, 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో పొర తెరిచి, అప్పుడు వేయండి. బతికి ఉన్న కణంలోకి అది వెళ్లదు.

డిటర్జెంట్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. కొవ్వు బిందువులను నైల్ రెడ్‌తోనో బోడిపీతోనో చూసేవాళ్లు ట్రైటాన్ జోలికి వెళ్లొద్దు, బిందువులు చెదిరిపోతాయి. సాపొనిన్ అనే డిటర్జెంట్ మెత్తనిది. పొరలో కూర్చునే డిఐ లాంటి డైలకూ ట్రైటాన్ పడదు.

మైటోట్రాకర్‌ను ఫిక్స్ చేశాక వేయొచ్చా?

వేయకూడదు. అది మైటోకాండ్రియా పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడాను బట్టి లోపల పోగవుతుంది. చచ్చిన కణంలో ఆ తేడా ఉండదు. బతికి ఉండగా 15 నుంచి 30 నిమిషాలు ఉంచి, తర్వాత పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేయాలి. ఫిక్స్ చేశాక కూడా నిలిచేది సీఎమ్ఎక్స్‌రాస్ లాంటి రకాలే. టీఎంఆర్ఎం, లైసోట్రాకర్ లాంటివి కణాలు బతికి ఉండగానే చూసేయాలి.

ఏ డై వేయకపోయినా కణజాలం వెలుగుతోంది. ఏం చేయాలి?

వెలుగుతుంది. కణాల్లో సొంత వెలుగు ఉంటుంది, దాన్నే ఆటోఫ్లోరసెన్స్ అంటారు. కొల్లాజెన్, ఎలాస్టిన్ నీలం-ఆకుపచ్చలో, ఎర్ర రక్తకణాలు వెడల్పాటి పట్టీలో, మొక్కల క్లోరోఫిల్ 680 నానోమీటర్ల దగ్గర ఎర్రగా. అన్నిటికంటే మొండిది లిపోఫస్సిన్, వయసుతో కణాల్లో పేరుకునే వ్యర్థ పదార్థం. వయసు పైబడినవాళ్ల మెదడు కోతల్లో న్యూరాన్ల లోపల గింజలు గింజలుగా, ఆకుపచ్చలోనూ ఎరుపులోనూ ఒకేచోట వెలుగుతుంది. రెండు ఛానెల్స్‌లో అచ్చంగా ఒకే ఆకారం కనబడితే ప్రోటీన్లు కలిశాయని గ్రాఫ్ వేసేయకండి, ముందు లిపోఫస్సిన్ ఏమో చూడండి.

తగ్గించుకునే దారులున్నాయి. 70 శాతం ఇథనాల్‌లో 0.1 శాతం సూడాన్ బ్లాక్ బీ వేస్తే లిపోఫస్సిన్ అణుగుతుంది, కానీ అదే కాస్త ఎర్రటి నేపథ్యాన్ని మిగులుస్తుంది. ఫిక్సేషన్ వల్ల వచ్చే వెలుగైతే గ్లూటరాల్డిహైడ్ మానేయండి, మిగిలిపోయిన ఆల్డిహైడ్‌ను గ్లైసిన్‌తో కడగండి. బతికి ఉన్న కణాలకు ఫినాల్ రెడ్ లేని మీడియం వాడండి. వీలైతే ముఖ్యమైన ప్రోటీన్‌ను 647కి మార్చండి, అక్కడ కణజాలం సొంత వెలుగు తక్కువ.

లేజర్ పవర్, గెయిన్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) బాగా పెంచితే ఉత్త నీళ్లు కూడా మసకగా కనిపిస్తాయి. 488 లేజర్‌కు నీటి రామన్ కాంతి (నీటి అణువులకు తగిలి రంగు మారి చెదిరే కాంతి) 585 నానోమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. 1920లలో కలకత్తాలో రామన్ బృందం కూడా దీన్ని మొదట బలహీనమైన ఫ్లోరసెన్స్ అనే అనుకుంది. అది వేరే సంగతని 1928లో తేలింది. ఆ రామన్ తర్వాత మన బెంగళూరుకే వచ్చి స్థిరపడ్డాడు.

ఆకుపచ్చ డై ఎరుపు ఛానెల్‌లో కూడా కనిపిస్తోంది. రెండూ ఒకేచోట ఉన్నట్టేనా?

కాదు. డై వదిలే కాంతి ఒక గీత కాదు, పొడవాటి తోక ఉన్న కొండ. ఆ తోక పక్క ఛానెల్‌లోకి వెళుతుంది. పక్కింటి టీవీ సౌండ్ మన హాల్లో వినిపించినంత మాత్రాన మన టీవీ ఆన్‌లో ఉన్నట్టు కాదు కదా. దీన్ని బ్లీడ్ త్రూ అంటారు. ఛానెల్స్‌ను ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేయడం మొదటి మందు.

రెండో మందు కంట్రోల్ స్లైడ్లు. ఏ డై లేనిది ఒకటి, సెకండరీ యాంటీబాడీ (మొదటి యాంటీబాడీని పట్టుకునే, డై అంటించిన రెండోది) మాత్రమే వేసింది ఒకటి, ఒక్కో డై విడిగా వేసినవి. ఈ స్లైడ్లు లేకుండా తెచ్చిన రంగుల బొమ్మను నేను ఫలితంగా లెక్కపెట్టను. గైడ్‌కు నచ్చినా, పోస్టర్‌లో బాగున్నా సరే. వెలుగు కనిపించడం తేలిక. అది ఎవరి వెలుగో చెప్పడమే అసలు పని, దాన్ని చెప్పేది ఈ స్లైడ్లే. సెట్టింగులు అసలు శాంపిల్ మీద కుదిర్చి, కంట్రోల్స్‌ను కూడా అవే సెట్టింగుల్లో తీయండి. మధ్యలో గెయిన్ మారిస్తే మళ్లీ మొదటికి రావాలి.

చిట్టెలుక కణజాలం మీద చిట్టెలుకలో తయారైన యాంటీబాడీ వాడుతున్నవాళ్లకు సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ మరీ ముఖ్యం. ఆ సెకండరీ కణజాలంలోని యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది.

చూస్తుండగానే వెలిసిపోతోంది. ఎలా ఆపాలి?

పూర్తిగా ఆపలేం, వాయిదా వేయగలం. ఉత్తేజం పొందిన డై ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. అందుకే మౌంటింగ్ మీడియంలో డాబ్కో, ఎన్-ప్రొపైల్ గాలేట్ లాంటివి కలుపుతారు. వెక్టాషీల్డ్ లాంటి గట్టిపడని రకాలకు అంచుల చుట్టూ నెయిల్ పాలిష్ వేయాలి, రంగు లేనిదే వాడండి. ప్రోలాంగ్ లాంటివి గట్టిపడతాయి, కానీ చీకట్లో, గది ఉష్ణోగ్రతలో, చదునుగా 24 గంటలు వదిలేయాలి. ఆ ఓపిక లేక గంటకే క్యాబ్‌లో పెట్టుకుని బయల్దేరితే, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేలోపు కవర్‌స్లిప్ (పైన కప్పే పలచటి గాజు) జరిగిపోయి ఉంటుంది. ఆ కవర్‌స్లిప్ నంబర్ 1.5 కావాలి, అంటే 0.17 మిల్లీమీటర్ల మందం. ఆబ్జెక్టివ్‌లు దానికే లెక్కకట్టి తయారవుతాయి.

ఫోకస్ వెతుకుతూ లేజర్‌ను ఫుల్‌లో వదిలేయడం అన్నిటికంటే పెద్ద దుబారా. డాపీలో తక్కువ పవర్‌తో ఫోకస్ చేసుకోండి, ఫొటో తీసే చోటుకు పక్కకు జరిగాక మిగతా ఛానెల్స్ తెరవండి.

డైలను ఎలా దాచుకోవాలి? ప్రమాదకరమా?

పొడి డై చీకట్లో, ఫ్రీజర్‌లో. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కలిపింది చిన్న చిన్న భాగాలుగా పంచి ఫ్రీజర్‌లో పెట్టాలి, మాటిమాటికీ కరిగించకూడదు. డై అంటించిన యాంటీబాడీ 4 డిగ్రీల దగ్గర, ఫాయిల్ చుట్టి. ఫ్రీజర్‌లో పెడితే గడ్డలు కట్టే అవకాశం ఎక్కువ. బొమ్మలో అక్కడక్కడా మెరిసే పొడల్లో చాలా వరకు ఈ గడ్డలే, వాడే ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైది మాత్రమే తీసుకోండి. దిగుమతి సరుకు వచ్చేసరికి వారాలు పడుతుంది కాబట్టి, అయిపోయాక ఆర్డర్ పెట్టే అలవాటు మానుకోండి.

ప్రమాదం సంగతికొస్తే, డీఎన్ఏకు అంటుకునే ప్రతి డైని అనుమానంగానే చూడాలి, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. డీఎంఎస్ఓ చర్మం గుండా తనలో కరిగినదాన్ని కూడా లోపలికి తీసుకెళ్లగలదు. అయినా డైలకు భయపడి, పారాఫార్మాల్డిహైడ్‌ను బల్ల మీదే కలిపేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి.

నాన్నగారి కిడ్నీ బయాప్సీ రిపోర్టులో "ఇమ్యునోఫ్లోరసెన్స్" అని ఉంది. ఏమిటది?

రాయలసీమ నుంచి బెంగళూరు ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది. కిడ్నీ ముక్కను గడ్డకట్టించి సన్నటి కోతలు కోసి, ఎఫ్ఐటీసీ అంటించిన యాంటీబాడీలతో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్, సీ3 వంటి రోగనిరోధక ప్రోటీన్లు కిడ్నీ వడపోత గుచ్ఛాల్లో పేరుకున్నాయా అని చూస్తారు. ఏది పేరుకుంది, గీతలా ఉందా, గింజల్లా ఉందా అన్నదాన్ని బట్టి జబ్బు తేలుతుంది. ఐజీఏ నెఫ్రోపతీ అనే జబ్బును 1968లో గుర్తించిందే ఈ పద్ధతితో. రిపోర్టులో ఉండే 1+, 2+, 3+ అనేవి వెలుగు తీవ్రతకు గుర్తులు. 3+ అంటే జబ్బు మూడింతలు ముదిరిందని కాదు, చికిత్స సంగతి నెఫ్రాలజిస్టునే అడగాలి.

ముక్కను వేరే ఊరి నుంచి పంపిస్తుంటే ఈ పరీక్షకు ఇచ్చే భాగాన్ని ఫార్మలిన్‌లో వేయకూడదు. మిషెల్స్ మీడియం అనే ద్రవంలో పంపాలి. రెండు సీసాలు ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

టీబీ కళ్లె పరీక్షలో కూడా ఇవే వాడతారా?

ఆరమిన్ ఓ అనే డై వాడతారు. టీబీ క్రిములు నల్లటి నేపథ్యంలో పసుపుపచ్చగా వెలుగుతాయి. తక్కువ మ్యాగ్నిఫికేషన్‌లో ఎక్కువ జాగా చూడొచ్చు కాబట్టి, మామూలు కాంతిలో చూసే జీల్-నీల్సన్ స్లైడ్ కంటే పని త్వరగా అవుతుంది. ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక మెర్క్యురీ బల్బు, పూర్తి చీకటి గది అవసరం కూడా తగ్గింది.

మా కాలేజీలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ లేదు. ఎక్కడికి వెళ్లాలి?

బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఐఐఎస్సీ లాంటి పరిశోధన సంస్థల్లో ఉమ్మడి ఇమేజింగ్ ఫెసిలిటీలు ఉన్నాయి. బయటివాళ్లకు నియమాలూ ఛార్జీలూ చోటును బట్టి మారతాయి, ముందుగా మెయిల్ రాసి కనుక్కోండి. ఆ మెయిల్‌లో మీరు వాడిన డైలు, మౌంటింగ్ మీడియం, కవర్‌స్లిప్ నంబర్, శాంపిల్ ఎక్కడిది, అంటు ప్రమాదం ఏమైనా ఉందా అన్నవి రాస్తే సగం ప్రశ్నోత్తరాలు తప్పుతాయి. వచ్చేటప్పుడు కంట్రోల్ స్లైడ్లు తెచ్చుకోండి, నెయిల్ పాలిష్ ఆరిందో లేదో చూసుకోండి. తడి పాలిష్ ఆయిల్ ఆబ్జెక్టివ్‌కు అంటితే ఆపరేటర్ మొహం చూడాల్సింది మీరే.